రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాలు పెరిగితే ఎకానమీ బాగున్నట్టేనా?

విభాగం: అమెరికా ఆర్థికం, ఉద్యోగాలు

కొత్తమొలక (3 జూలై 2025, ఉదయం)

అందరికీ నమస్కారం. జూన్ నెల జాబ్స్ రిపోర్ట్ ఇందాకే వచ్చింది. మొత్తం 1,47,000 ఉద్యోగాలు పెరిగాయి, నిరుద్యోగం 4.1 శాతానికి తగ్గింది. వార్తల్లో అంతా బాగుందనే అంటున్నారు. నేను పట్టికలు తెరిచి చూశాను. ఆ పెరుగుదలలో 73,000 ప్రభుత్వ ఉద్యోగాలే. ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వం) వైపు 7,000 తగ్గాయి కాబట్టి పెరిగినదంతా రాష్ట్రాల్లోనూ స్థానిక సంస్థల్లోనూ అన్నమాట. ఒక్క రాష్ట్ర ప్రభుత్వాలవే 47,000. మొత్తంలో దాదాపు మూడో వంతు!

నేను ఇంతగా అడగడానికి కారణం ఉంది. మా ఆవిడకు ఇప్పుడు రెండు చోట్ల అవకాశం వచ్చింది. ఒకటి స్టేట్ యూనివర్సిటీలో, ఇంకొకటి ప్రైవేట్ కంపెనీలో. రాష్ట్రాలు ఇంతమందిని తీసుకుంటున్నాయంటే వాటి దగ్గర డబ్బున్నట్టే కదా? డబ్బుందంటే ఎకానమీ కూడా బాగున్నట్టే కదా? తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి.

లెక్కలపుస్తకం (3 జూలై 2025, మధ్యాహ్నం)

కొత్తమొలక గారూ, పట్టికలు తెరిచి చూసినందుకు ముందుగా సంతోషం. చాలామంది మొదటి లైనుతోనే ఆగిపోతారు. మీరు ఇంకొక్క వరుస కిందికి వెళ్లండి. ఆ 47,000లో 40,000 విద్యవే. అంటే రాష్ట్ర యూనివర్సిటీలు, కాలేజీలు.

రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగి అనగానే మనకు లైసెన్స్ ఆఫీసులో కౌంటర్ వెనక కూర్చున్న మనిషి గుర్తొస్తాడు. లెక్కలో ఉన్నది వేరు. రాష్ట్ర ప్రభుత్వాల్లో మొత్తం సుమారు 55 లక్షల మంది ఉంటే, అందులో సగానికి కాస్త తక్కువ విద్యారంగమే. ప్రొఫెసర్, ల్యాబ్ టెక్నీషియన్, హాస్టల్ వంటమనిషి అందరూ అందులోకే వస్తారు. యూనివర్సిటీ ఆసుపత్రిలో నర్సు కూడా చాలాచోట్ల రాష్ట్ర ఉద్యోగే. మిగతావాళ్లలో జైళ్లు, రోడ్లు, మెడికెయిడ్ (పేదలకు ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఆఫీసులు, పోలీసులు, కోర్టులు. స్కూల్ టీచర్లు మాత్రం ఇక్కడ ఉండరు, వాళ్లు స్థానిక ప్రభుత్వం కింద లెక్క. స్థానిక ప్రభుత్వాలు చాలా పెద్దవి, దాదాపు కోటిన్నర మంది.

ఈ విభజన కూడా అన్నిచోట్లా ఒకేలా లేదు. హవాయి చూడండి. రాష్ట్రం మొత్తానికి ఒకటే స్కూల్ డిస్ట్రిక్ట్, దాన్ని రాష్ట్రమే నడుపుతుంది. అందుకే అక్కడ టీచర్లు రాష్ట్ర ఉద్యోగులు. హవాయిని వేరే రాష్ట్రంతో పోల్చి 'అబ్బో, ఎంతమందిని పెట్టుకున్నారో' అంటే తప్పు లెక్క అవుతుంది.

ఇక జూన్ విషయం. నిజంగా మనుషులను కొత్తగా తీసుకున్నారా అంటే, జూన్‌లో కాలేజీలు మూతపడతాయి. సీజనల్ అడ్జస్ట్‌మెంట్ లేని అసలు లెక్కలో విద్యా ఉద్యోగాలు ప్రతి ఏడాదీ ఈ నెలలో బాగా పడతాయి. ఎంత పడతాయో గత ఏళ్ల అలవాటును బట్టి అంచనా కట్టి, ఆ పడడాన్ని లెక్కలోంచి తీసేస్తారు. ఈసారి అంచనా కన్నా తక్కువ పడితే, తీసేసిన తర్వాత అది 'పెరిగింది' అని కనిపిస్తుంది. ఈ లెక్క వేసే సర్వే నెలలో 12వ తేదీ ఉన్న జీతకాలాన్ని, అంటే ఒక విడత జీతం లెక్కించే రోజులను, పట్టుకుంటుంది. సెమిస్టర్ ఒక వారం అటూ ఇటూ అయితే చాలు, లెక్క మారిపోతుంది. నా అనుమానం, ఇందులో చాలా భాగం అదే.

అర్ధరాత్రి_చదువరి (3 జూలై 2025, రాత్రి)

నేను ఇంకాస్త గట్టిగా చెబుతాను. ఎకానమీ ఎటు పోతోందో తెలుసుకోవాలంటే ప్రభుత్వ ఉద్యోగాల వరుస అసలు చూడనక్కర్లేదు. ప్రైవేట్ వాళ్లు అమ్మకాలు చూసి మనిషిని పెట్టుకుంటారు, అమ్మకాలు పడితే తీసేస్తారు. రాష్ట్రం శాసనసభ ఓటు చూసి పెట్టుకుంటుంది. ఈ జూన్‌లో ప్రైవేట్ పెరుగుదల 74,000. నేను ఆ ఒక్క అంకెనే చూస్తాను.

పాతకాపు (4 జూలై 2025, ఉదయం)

సెలవు రోజు కదా, తీరిగ్గా రాస్తాను. ఒక రాష్ట్రంలో బడ్జెట్ పని ఇరవై ఏళ్లు చేశాను. ఏ రాష్ట్రమో చెప్పను, అవసరం లేదు.

అర్ధరాత్రి_చదువరి గారూ, ప్రభుత్వ ఉద్యోగాల వరుస ముందు ఏం జరుగుతుందో చెప్పదు, అది ఒప్పుకుంటాను. కానీ చూడనక్కర్లేదు అనకండి. 2008 నుంచి 2013 వరకూ జరిగింది ఒకసారి గుర్తు చేస్తాను.

మాంద్యం 2007 డిసెంబర్‌లో మొదలైంది. ప్రైవేట్ ఉద్యోగాలు 2008 మొదటి నెలల్లోనే పడడం మొదలుపెట్టాయి. రాష్ట్ర, స్థానిక ఉద్యోగాలు మాత్రం 2008 వేసవి దాకా పెరుగుతూనే ఉన్నాయి. ఆ నెలల్లో మా వరుస ఒక్కటే చూసినవాడికి దేశం బ్రహ్మాండంగా ఉన్నట్టే అనిపించి ఉంటుంది. మాంద్యం 2009 జూన్‌లో ముగిసింది. 2010 వసంతం నుంచి ప్రైవేట్ ఉద్యోగాలు మళ్లీ పెరగసాగాయి. మా దగ్గర అప్పుడే అసలు నరకం మొదలైంది. రాష్ట్ర, స్థానిక ఉద్యోగాలు 2013 దాకా కిందికే వెళ్లాయి. శిఖరం నుంచి అడుగు దాకా సుమారు 7,50,000 ఉద్యోగాలు పోయాయి. అందులో ఎక్కువ భాగం స్థానిక సంస్థలవి, ముఖ్యంగా స్కూళ్లవి. ఎందుకంటే రాష్ట్రానికి డబ్బు తగ్గినప్పుడు మొదట కోసేది కింది వాళ్లకు పంపే సాయాన్నే.

ఎందుకింత ఆలస్యం? ముందు జనం ఉద్యోగాలు పోవాలి, తర్వాత వాళ్ల ఆదాయపు పన్ను, కొనుగోళ్ల మీద సేల్స్ టాక్స్ తగ్గాలి. ఏప్రిల్‌లో రిటర్నులు వేశాక గానీ మాకు నిజం పూర్తిగా తెలియదు. దాన్ని మా వాళ్లు 'ఏప్రిల్ సర్‌ప్రైజ్' అంటారు, మంచైనా చెడైనా. ఈలోగా బడ్జెట్ ఏడాది నడుస్తూనే ఉంటుంది. 46 రాష్ట్రాలకు జూలై 1న కొత్త ఆర్థిక సంవత్సరం. న్యూయార్క్‌కు ఏప్రిల్ 1, టెక్సస్‌కు సెప్టెంబర్ 1, అలబామా, మిషిగన్‌లకు అక్టోబర్ 1. కాబట్టి ఏప్రిల్‌లో తెలిసిన నిజం జూలై బడ్జెట్‌లోకి ఎక్కి, ఆ తర్వాత మనుషుల దాకా వస్తుంది. మధ్యలో రెయినీ డే ఫండ్, అంటే కష్టకాలానికి దాచిన నిధి, ఉంటే ఇంకో ఏడాది నెట్టుకొస్తారు. వర్మాంట్ తప్ప అన్ని రాష్ట్రాలకూ ఏదో ఒక రూపంలో బడ్జెట్ సమానంగా ఉండాలన్న నియమం ఉంది. అప్పు చేసి జీతాలిచ్చే దారి ఫెడరల్ వాళ్లకుంది, మాకు లేదు.

2009 ఫిబ్రవరిలో ఫెడరల్ సాయం వచ్చింది. మెడికెయిడ్‌కు ఎక్కువ వాటా ఇచ్చారు, విద్య కోసం 53.6 బిలియన్ డాలర్ల స్థిరీకరణ నిధి పెట్టారు. అది ఉన్నన్నాళ్లు ఆపగలిగాం. అయిపోయాక ఆగలేదు. నేను స్వయంగా తయారు చేసిన జాబితాల్లో ఉన్న పేర్లు కొన్ని ఇప్పటికీ గుర్తున్నాయి. ఆ జాబితాలు తయారవుతున్న వారంలోనే టీవీలో 'రికవరీ' అంటున్నారు.

అందుకే నేను ఈ వరుసను ఎప్పుడూ ఏడాదిన్నర కిందటి ఉత్తరంలా చదువుతాను. ఉత్తరం పాతదే, కానీ రాసినవాడికి ఏమైందో అందులో ఉంటుంది.

కొత్తమొలక (4 జూలై 2025, మధ్యాహ్నం)

పాతకాపు గారూ, మీరు ఇంత ఓపికగా రాసినందుకు చాలా థాంక్స్ అండీ. ఇప్పుడు నాకు ఇంకో సందేహం. అంత ఆలస్యంగా వచ్చే అంకె అయితే, ఇప్పుడు కనిపిస్తున్న పెరుగుదల 2023, 2024ల మంచి రోజుల ఫలితమా?

లెక్కలపుస్తకం (4 జూలై 2025, సాయంత్రం)

కొంతవరకు అవును. కానీ 2023ను కూడా జాగ్రత్తగా చదవాలి. ఆ ఏడాది ప్రభుత్వ రంగం మొత్తం నెలకు సగటున 56,000 ఉద్యోగాలు పెంచుకుంది, 2022లో అది 23,000. చూడ్డానికి గొప్ప జోరు. అసలు సంగతి ఏమిటంటే 2020 వసంతంలో రాష్ట్ర, స్థానిక సంస్థలు సుమారు 15 లక్షల ఉద్యోగాలు పోగొట్టుకున్నాయి. ప్రైవేట్ రంగం 2022లోనే కోవిడ్ ముందు స్థాయిని దాటేసింది. ప్రభుత్వ రంగం అక్కడికి చేరేసరికి 2023 చివర్లోకి వచ్చాం. అంటే 2023లో మనం చూసింది ఎదుగుదల కాదు, ఖాళీలు పూడ్చుకోవడం.

పైగా ఈసారి డబ్బు లేక ఆలస్యం కాలేదు. 2021 మార్చిలో వచ్చిన ఫెడరల్ చట్టం రాష్ట్రాలకూ స్థానిక సంస్థలకూ కలిపి 350 బిలియన్ డాలర్లు ఇచ్చింది. డబ్బుంది, మనుషులు దొరకలేదు. ప్రైవేట్ వాళ్లు జీతాలు పెంచుకుంటూ పోయారు, రాష్ట్రాల జీతాల పట్టికలు కదలడానికి శాసనసభ కావాలి. అందుకే డిగ్రీ షరతులు తీసేశారు. మేరీలాండ్ 2022లో మొదలుపెట్టింది, పెన్సిల్వేనియా గవర్నర్ షపీరో 2023 జనవరిలో పదవిలోకి రాగానే రాష్ట్ర ఉద్యోగాల్లో 92 శాతానికి నాలుగేళ్ల డిగ్రీ అవసరం లేదని ఉత్తర్వు ఇచ్చారు. ఇది కూడా ఒక సూచికే. రాష్ట్రం అర్హత తగ్గించి పిలుస్తోందంటే బయట మనుషులు దొరకడం ఎంత కష్టంగా ఉందో చెబుతోంది.

వానచుక్క (5 జూలై 2025, ఉదయం)

నేను ఒక రాష్ట్ర ఆరోగ్య శాఖలో పని చేస్తాను. పై అన్నయ్యలు చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను. అన్ని రాష్ట్ర ఉద్యోగాలూ ఒకే దిక్కుగా కదలవు. కొన్ని ఎకానమీ పడితేనే పెరుగుతాయి.

2020 ఏప్రిల్‌లో నిరుద్యోగ భృతి ఆఫీసుల సంగతి తలుచుకుంటే ఇప్పటికీ కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఫోన్ ఎత్తేవాళ్లు లేక, వేరే శాఖల వాళ్లను కూర్చోబెట్టారు. మా విభాగంలోంచి కూడా పంపారు, నేనూ ఒక నెల ఆ ఫోన్లు ఎత్తాను. అద్దె కట్టలేకపోతున్నాం అంటూ ఏడ్చేవాళ్లు. ఆ నెలల్లో అలాంటి ఆఫీసుల్లో మనుషులు పెరిగారు. ఆ పెరుగుదలను చూసి ఎవరైనా ఎకానమీ బాగుందంటారా? మెడికెయిడ్ అర్హత చూసే సిబ్బంది కూడా అంతే, దరఖాస్తులు ఎక్కువైతే పని పెరుగుతుంది. ఉద్యోగం దొరకని రోజుల్లో పిల్లలు కాలేజీలో చేరతారు కాబట్టి విద్యలోనూ కొంత అదే తీరు.

ఇక జైళ్లు. వెస్ట్ వర్జీనియాలో 2022లో గార్డులు దొరక్క అత్యవసర పరిస్థితి ప్రకటించి నేషనల్ గార్డును (రాష్ట్రాల రిజర్వు సైన్యం) జైళ్లలోకి దింపారు. న్యూయార్క్‌లో ఈ ఏడాది ఫిబ్రవరి, మార్చిల్లో జైలు గార్డుల సమ్మె జరిగింది. తిరిగి రానివాళ్లను 2,000 మందికి పైగా తీసేశారు. ఆ 2,000 తగ్గుదల ఉద్యోగాల లెక్కలో పడుతుంది. దానికీ ఎకానమీకీ నేరుగా ఏం సంబంధం?

అర్ధరాత్రి_చదువరి (5 జూలై 2025, మధ్యాహ్నం)

వానచుక్కా, నువ్వు చెప్పింది నా వాదనకే బలం అమ్మా. సగం ఉద్యోగాలు ఒకవైపు, కొన్ని ఎదురువైపు, మధ్యలో సమ్మెలు, సెమిస్టర్లు. ఇన్ని కలిసిన అంకెలోంచి ఎకానమీ గురించి ఏం వింటాం? రొద తప్ప.

నీలిసిరా (6 జూలై 2025, రాత్రి)

ఒక స్టేట్ యూనివర్సిటీలో పదకొండేళ్లుగా ఉన్నాను. ఇన్నాళ్లూ చదివి వెళ్లిపోయేదాన్ని, ఈ చర్చ చూసి రాయకుండా ఉండలేకపోయాను.

అర్ధరాత్రి_చదువరి గారూ, రొదంతా మొత్తం అంకెలో ఉంది. ఆ అంకె కదలకముందు లోపల కదిలేవి వేరే ఉన్నాయి, వాటిని బయటినుంచి కూడా చూడొచ్చు. మా దగ్గర వరుస ఎప్పుడూ ఇదే. మొదట ప్రయాణాలకు, కాన్ఫరెన్సులకు డబ్బు ఆపుతారు. తర్వాత ఖాళీ అయిన పోస్టుకు 'పై అనుమతి తప్పనిసరి' అని మెయిల్ వస్తుంది. ఆ తర్వాత హైరింగ్ ఫ్రీజ్, అంటే కొత్తవాళ్లను తీసుకోవడం ఆపేయడం. ఆ పైన ఖాళీ పోస్టులనే రద్దు చేస్తారు. ముందే రిటైరయ్యేవాళ్లకు కాస్త డబ్బు చూపిస్తారు. లేఆఫ్ అన్నిటికన్నా చివర. జాబ్స్ రిపోర్ట్‌లో పెద్ద తగ్గుదల కనిపించేసరికి లోపల ఏడాది గడిచిపోయి ఉంటుంది.

కాలిఫోర్నియా సంగతి అందరికీ తెలిసిందే. 2022లో దాదాపు 100 బిలియన్ డాలర్ల మిగులు అన్నారు. ఆ రాష్ట్ర ఆదాయపు పన్నులో 40 శాతం పైన ఇచ్చేది పైనున్న 1 శాతం మందే, స్టాక్ మార్కెట్ పడితే ఖజానా కూడా పడుతుంది. మరుసటి ఏడాదికే లోటు వచ్చింది. 2024 బడ్జెట్‌లో సుమారు 10,000 ఖాళీ పోస్టులు ఎత్తేయాలని నిర్ణయించారు. గమనించండి, ఖాళీ పోస్టులు. ఎవరి ఉద్యోగమూ పోలేదు కాబట్టి ఉద్యోగాల లెక్కలో ఒక్కటి కూడా తగ్గదు. కానీ ఆ సీట్లలోకి రావలసిన 10,000 మంది ఎప్పటికీ రారు.

2009 ఫర్లోలు ఇంకో ఉదాహరణ. అదే రాష్ట్రంలో అప్పటి గవర్నర్ ష్వార్జ్‌నెగర్ 2 లక్షల మందికి పైగా ఉద్యోగులకు నెలకు మొదట రెండు, తర్వాత మూడు రోజులు జీతం లేని సెలవు పెట్టారు. జీతం దాదాపు 14 శాతం తగ్గింది. ఉద్యోగాల సర్వేలో మాత్రం ఆ జీతకాలంలో ఒక్క రోజు జీతం అందుకున్నా ఉద్యోగి కిందే లెక్క. మనుషుల సంఖ్య కదలలేదు. వాళ్ల ఇళ్లలో, వాళ్లు కొనే అంగళ్లలో మాత్రం తేడా పడింది.

కొత్తమొలక గారూ, మీ ఆవిడ విషయంలో నేను అడగమనేది ఒక్కటే. ఆ పోస్టుకు డబ్బు ఎక్కడినుంచి వస్తోంది? రాష్ట్ర జనరల్ ఫండ్ (పన్నులతో నిండే ప్రధాన ఖజానా) నుంచా, ఫీజుల నుంచా, ఫెడరల్ గ్రాంట్ నుంచా? ఆఫర్ లెటర్‌లో రాయరు. అడిగితే చెబుతారు.

పాతకాపు (7 జూలై 2025, ఉదయం)

నీలిసిరా గారూ, లోపలి వరుస సరిగ్గా చెప్పారు. మా దగ్గర ఖాళీ పోస్టులను కొన్నేళ్లు కావాలనే నింపకుండా ఉంచేవాళ్లం. ఆ జీతం మిగులుతుందని బడ్జెట్‌లో ముందే కలుపుకునేవాళ్లం. బయటివాళ్లకు 'రాష్ట్రంలో ఇన్ని వేల ఖాళీలు' అన్న వార్త చూస్తే ఉద్యోగాలు బోలెడున్నాయనిపిస్తుంది. వాటిలో చాలావాటికి వెనక డబ్బే ఉండదు.

ఇంకో మాట. కిందటి శుక్రవారం, జూలై 4న సంతకమైన ఫెడరల్ చట్టం గురించి ఎవరూ ఎత్తలేదు. మెడికెయిడ్‌లో రాష్ట్రాలు హాస్పిటళ్లు వగైరాల మీద వేసే పన్నుల దారి బిగిసింది. ఆహార సాయం, అంటే స్నాప్ నడిపే ఖర్చులో రాష్ట్రం వాటా ఇప్పుడు సగం, 2026 అక్టోబర్ నుంచి 75 శాతం. మెడికెయిడ్‌లో పని షరతు 2027 మొదటికల్లా అమలు కావాలి. ఆ షరతును తనిఖీ చేసేదెవరు? రాష్ట్ర ఆఫీసులే. కాబట్టి 2026లో కొన్ని రాష్ట్రాల్లో అర్హత చూసే సిబ్బంది పెరగొచ్చు, అదే రాష్ట్రంలో యూనివర్సిటీకి కోత పడొచ్చు. రెండూ కలిసి సున్నా అయితే పైకి ఏమీ జరగనట్టే కనిపిస్తుంది. అందుకే మొత్తం చూడకండి, విద్య వేరు, మిగతాది వేరు చేసి చూడండి. పట్టికలో ఆ రెండు వరుసలూ ఉంటాయి.

లెక్కలపుస్తకం (1 ఆగస్టు 2025, ఉదయం)

చర్చ ఆగి మూడు వారాలైంది, కానీ ఈ ఉదయం రిపోర్ట్ చూసి ఇక్కడికే పరుగెత్తుకొచ్చాను. జూలైలో 73,000 పెరిగాయి. అసలు వార్త అది కాదు. జూన్ 1,47,000 అని చెప్పినది ఇప్పుడు 14,000. మే 1,44,000 అన్నది 19,000. రెండు నెలలు కలిపి 2,58,000 తగ్గించారు. జూన్ తగ్గింపులో గణనీయమైన వాటా రాష్ట్ర, స్థానిక విద్యా ఉద్యోగాలదే.

మన చర్చ ఏ అంకెతో మొదలైందో ఆ అంకే కరిగిపోయింది.

కొత్తమొలక (1 ఆగస్టు 2025, మధ్యాహ్నం)

చూశానండీ. నిజం చెప్పాలంటే కాళ్ల కింద నేల కదిలినట్టయింది. ఆ 47,000 చూసే కదా నేను మా ఆవిడతో 'యూనివర్సిటీ అయితే సేఫ్' అన్నాను. ఇంత తప్పు లెక్క ఎలా ఇస్తారు?

అర్ధరాత్రి_చదువరి (1 ఆగస్టు 2025, సాయంత్రం)

ఇప్పుడే వార్త వచ్చింది, లెక్కలు వేసే కార్మిక గణాంకాల సంస్థ కమిషనర్ ఎరికా మెకెంటార్ఫర్‌ను అధ్యక్షుడు ట్రంప్ తొలగించారు. ఈ వరుసను రొద అన్నది నేనే. కానీ ఇది సరైన మందు కాదు. సవరించడం తప్పు కాదు, దాచడం తప్పు. నా మాట ఎవరైనా తప్పుగా తీసుకోకూడదని రాస్తున్నాను.

నిర్వాహకుడు (1 ఆగస్టు 2025, రాత్రి)

పార్టీల మీద రాసిన రెండు పోస్టులు తీసేశాను. లెక్క ఎలా తయారవుతుంది, దాన్ని ఎంత నమ్మొచ్చు అన్నది మన విషయమే, దాని మీద ఎంతైనా రాయండి.

లెక్కలపుస్తకం (2 ఆగస్టు 2025, ఉదయం)

కొత్తమొలక గారూ, మీ బాధ అర్థమవుతుంది. తప్పు అనే మాట దగ్గర కాస్త ఆగుదాం.

నెలనెలా వచ్చే లెక్క ఒక సర్వే. సుమారు 1,21,000 వ్యాపారాలు, ప్రభుత్వ సంస్థలు జవాబివ్వాలి. మొదటి రిపోర్ట్ వచ్చేనాటికి అందరి జవాబూ రాదు. వచ్చినవాటితో ఒక అంకె ఇచ్చి, తర్వాతి రెండు నెలల్లో ఆలస్యంగా వచ్చిన జవాబులు కలిపి, సీజనల్ గుణకాలు మళ్లీ కట్టి సవరిస్తారు. ఏడాదికోసారి నిరుద్యోగ బీమా రికార్డులతో సరిచూస్తారు. అవి 95 శాతానికి పైగా ఉద్యోగాలను పట్టుకుంటాయి, కానీ నెలలు ఆలస్యంగా వస్తాయి. వేసవిలో విద్యారంగం అసలు లెక్కే పెద్ద లోయలోకి దిగుతుంది. లోయ ఎంత లోతో అంచనాలో కొంచెం తేడా వచ్చినా అది పదివేలల్లో కనిపిస్తుంది. అక్టోబర్, ఫిబ్రవరి లాంటి నెలల్లో ఇంత ఊగదు.

అందుకే నా అలవాటు ఇది. రాష్ట్ర విద్యా ఉద్యోగాలను జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నెలవారీగా అస్సలు చదవను. కిందటి ఏడాది ఇదే నెలతో, సీజనల్ అడ్జస్ట్‌మెంట్ లేని అంకెను పోలుస్తాను. విద్య తీసేసిన రాష్ట్ర వరుసను మాత్రం ఆరు నెలల సగటుగా చూస్తాను. ఖాళీల సర్వే కూడా ఉంది. అందులో రాష్ట్ర, స్థానిక కలిపే ఇస్తారు, కానీ విద్య వేరుగా, మిగతాది వేరుగా ఉంటుంది. మనుషుల సంఖ్య నిలకడగా ఉండి, ఖాళీలు వరుసగా తగ్గుతుంటే నీలిసిరా గారు చెప్పిన మెయిళ్లు మొదలయ్యాయని అర్థం.

నీలిసిరా (2 ఆగస్టు 2025, రాత్రి)

మెయిళ్లు మొదలయ్యాయి. ఇంతకన్నా చెప్పలేను.

వానచుక్క (3 ఆగస్టు 2025, ఉదయం)

అయ్యో నీలిసిరా అక్కా. జాగ్రత్త.

ఒక చిన్న మంచి మాట చెప్పనా? ఈ వసంతంలో ఫెడరల్ ఉద్యోగాలు పోయినవాళ్లను న్యూయార్క్, హవాయి లాంటి రాష్ట్రాలు పనిగట్టుకుని పిలిచాయి. మా దగ్గరకూ ఒకావిడ వచ్చింది. ఎన్నో ఏళ్ల అనుభవం. మేము ఎప్పటినుంచో నింపలేకపోయిన సీటు అది. లెక్కలో ఫెడరల్ నుంచి ఒకటి తగ్గి రాష్ట్రంలో ఒకటి పెరుగుతుంది, అంతే. కానీ మా ఊళ్లలో క్షయ కేసులు చూసే మనిషి ఇప్పుడు ఉంది.

అర్ధరాత్రి_చదువరి (3 ఆగస్టు 2025, మధ్యాహ్నం)

నా మొదటి మాట కొంత వెనక్కి తీసుకుంటున్నాను. దేశం మొత్తం అంకె మీద నా అభిప్రాయం మారలేదు. కానీ ఒక్కో రాష్ట్రం విడిగా చూస్తే సంగతి వేరు. అలాస్కా తీసుకోండి. ఆదాయపు పన్ను లేదు, రాష్ట్ర సేల్స్ టాక్స్ లేదు, ఖజానా చాలావరకు చమురు మీదే. 2014లో చమురు ధర కూలాక అక్కడ రాష్ట్ర ఉద్యోగాలు ఏళ్లతరబడి తగ్గాయి. చిన్న రాష్ట్రంలో ప్రభుత్వమే పెద్ద యజమాని కాబట్టి ఆ కోత తిరిగి ఇళ్ల ధరల్లోకి, అంగళ్లలోకి వెళ్తుంది. అక్కడ ఈ వరుస ఎకానమీ గురించి చెప్పడమే కాదు, దాన్ని తోస్తుంది కూడా. పాతకాపు గారు 2010 గురించి చెప్పింది ఇప్పుడు ఇంకోలా అర్థమైంది. ప్రైవేట్ కోలుకుంటుంటే రాష్ట్రాలు వెనక్కి లాగాయి. సూచికగా పనికిరాదేమో గానీ, బరువుగా లెక్కలోకి తీసుకోవాల్సిందే.

పాతకాపు (3 ఆగస్టు 2025, రాత్రి)

ఆ 'వెనక్కి లాగడం' అన్న మాట కోసమే నేను ఇన్ని రోజులు రాశాను. 2010 నుంచి 2013 దాకా మేము తీసేసిన ప్రతి జీతం ఎవరో ఒకరి అంగడిలో అమ్మకం కాకుండా పోయింది. ఆ కోలుకోవడం అంత నెమ్మదిగా సాగడానికి అది ఒక కారణం. మళ్లీ అలా జరగకూడదని నా కోరిక. అందుకు లెక్క స్పష్టంగా, సమయానికి, ఎవరి భయమూ లేకుండా రావాలి.

కొత్తమొలక గారూ, ఇంటి నిర్ణయం ఏమైంది?

కొత్తమొలక (9 ఆగస్టు 2025, ఉదయం)

నీలిసిరా గారు చెప్పినట్టే అడిగించాను. ఆ పోస్టు ఫెడరల్ గ్రాంట్ మీద ఉందట, గ్రాంట్ 2027 జూన్ దాకా. తర్వాత ఏమిటి అంటే 'కొనసాగే అవకాశం ఉంది' అన్నారు. అదే యూనివర్సిటీలో రిజిస్ట్రార్ ఆఫీసులో ఇంకో పోస్టు ఉంది, జీతం కాస్త తక్కువ, కానీ జనరల్ ఫండ్. మా ఆవిడ దానికి దరఖాస్తు పెట్టింది. ప్రైవేట్ కంపెనీ వాళ్లను ఇంకో రెండు వారాలు గడువు అడిగింది.

పాతకాపు (9 ఆగస్టు 2025, మధ్యాహ్నం)

మంచి పని చేశారు. మీ రాష్ట్రం రెవెన్యూ అంచనా మళ్లీ ఎప్పుడు వేస్తుందో బడ్జెట్ ఆఫీసు వెబ్‌సైట్‌లో తేదీ ఉంటుంది, చూసుకోండి. ఆ తేదీకి ముందే ఆఫర్ చేతికొస్తే మంచిది. ఫ్రీజ్ పెట్టాలనుకుంటే సాధారణంగా ఆ అంచనా వచ్చాకే పెడతారు, అప్పటికే సంతకమైన ఆఫర్ల జోలికి మా కాలంలో అయితే పోలేదు.

నీలిసిరా (9 ఆగస్టు 2025, రాత్రి)

రిజిస్ట్రార్ ఆఫీసు మంచిదే. ఇంటర్వ్యూలో ఆ సీటు ఎంతకాలంగా ఖాళీగా ఉందో కూడా అడగమనండి. ఈ మధ్యే ఖాళీ అయి వెంటనే నింపుతున్నారంటే ఆ పని వాళ్లకు నిజంగా కావాలి.